మిద్దె మీది సోలార్ దించినప్పుడు

మా హాస్టల్ మిద్దె మీదున్న సోలార్ సామానంతా పోయిన ఎండాకాలం దించేశాం. ఇరవై ప్లేట్లు, పది బ్యాటరీలు, పనిచేయని ఇన్వర్టరు, నీళ్ళు కాచే హీటర్లు మూడు, కాంపౌండులో వీధి దీపాలు నాలుగు. 2012లో పెట్టినప్పుడు పెద్దలొచ్చి రిబ్బను కత్తిరించారు, టెంకాయ కొట్టారు, అందరూ వరసగా నిలబడి ఫొటో దిగారు. దించేటప్పుడు ఉన్నది నేను, ఎలక్ట్రీషియన్ పిల్లోడు, ఇద్దరు కూలీలు.

మాది అనంతపురంలో కళ్యాణదుర్గం రోడ్డు వైపు ఒక ట్రస్టు నడిపే ఆడపిల్లల హాస్టల్. వార్డెన్‌ని నేనే, లెక్కలు రాసేదీ నేనే. స్టాండ్ల కోసం స్లాబులో దించిన బోల్టుల పక్క నుంచి నీళ్ళు కారి పైఅంతస్తులో పిల్లల పెట్టెలు తడుస్తున్నాయి. ఈ జిల్లాలో వాన పడేదే అరుదు, ఆ పడిన రోంత మా గదుల్లోకే. దానికి తోడు బ్యాటరీలు రెండో సెట్టు కూడా చార్జి నిలుపుకోవడం మానేసింది. ట్రస్టు పెద్దాయన, "ఇంక బ్యాటరీల గోల వద్దమ్మా, కరెంటోళ్ళ ఎస్పీడీసీఎల్ లైనుకు కలిపే ఆన్‌గ్రిడ్ పెట్టించుకుందాం, పాతదంతా గుజిరీకి ఏసేయ్" అన్నారు.

ఏసేద్దామనే అనుకున్నాం. ఆడిటర్ పడనివ్వలేదు. దాతలిచ్చిన సొమ్ముతో కొన్నది, ఆస్తుల రిజిస్టర్లో ఉంది. పనికిరాదని కండెం చేసినట్టు ట్రస్టు తీర్మానం కావాలి, అమ్మితే బిల్లు కావాలి, అమ్మకపోతే తీసుకున్నవాళ్ళ రసీదు కావాలన్నాడు. ఊరికే మాయమైనట్టు రాయడం కుదరదట. ఆయనకు పర్యావరణం మీద ప్రేమ ఉండి అన్నమాట కాదిది, ఆయన బాధ ఆయనది. కానీ ఆ కాయితం కోసం తిరగబట్టే మిగతా సంగతులన్నీ తెలిశాయి.

గుజిరీ అంగడి భాయ్ మిద్దెక్కి ఒకసారి చుట్టూ తిరిగాడు. ఏమీ రాసుకోలేదు, కంటితోనే లెక్కేశాడు. "మేడమ్, బ్యాటరీలు తీసుకుంటా. ఇన్వర్టర్ తీసుకుంటా, దాంట్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటాది. కేబుల్ తీసుకుంటా. స్టాండ్ల ఇనుము, హీటర్ల ట్యాంకులు తీసుకుంటా. ప్లేట్లకు చుట్టూ ఉండే అల్యూమినియం ఊడబీకిస్తే అదీ తీసుకుంటా."

"మరి ప్లేట్లు?"

"అద్దం మాకేంటికి మేడమ్? యాడన్నా వంకలో ఏసేయండి."

ఆయన మాటలో మోసం లేదు, ఆయన వ్యాపారం అది. కానీ వంకలో ఏసేయమన్నది ప్లేటులో ఎంత భాగమో చూడండి. మనం మిద్దెల మీద చూసే మామూలు సిలికాన్ ప్లేటులో బరువు ప్రకారం నూటికి డెబ్బై అయిదు పాళ్ళు గాజే. ప్లాస్టిక్ పొరలు ఓ పది పాళ్ళు, అల్యూమినియం ఎనిమిది, సిలికాన్ అయిదు, రాగి ఒకటి. వెండి ఒక పాలులో పదో వంతు కూడా ఉండదు. తగరం, సీసం కలిసిన టంకం మరి కాస్త. మా ప్లేటు ఒక్కోటి పంతొమ్మిది కిలోలు తూగింది. అంటే అంగట్లో ధర పలికే అల్యూమినియం కిలోన్నర, ఎవరికీ అక్కర్లేనిది పదిహేను కిలోలకు పైనే. ఫ్రేము పీకేసిన ప్లేటు రసం తీసేసిన చెరుకు పిప్పితో సమానం. దాన్ని మోసుకుపోవాలంటే ఎదురు మనమే డబ్బులివ్వాలి. తర్వాత బెంగళూరు రీసైక్లింగ్ కంపెనీ ఆయన ఫోన్లో మొదట అడిగిన ప్రశ్న కూడా ఇదే: "ఫ్రేములు ఉన్నాయా, పీకేశారా?" ఉన్నాయంటేనే మాట ముందుకు సాగింది.

మీ మిద్దె మీద కూడా ప్లేట్లు ఉండి, ఎప్పుడో ఒకరోజు దించాల్సి వస్తే ఈ ఒక్కటీ గుర్తుంచుకోండి. ధర పలికే ముక్కల్ని విడిగా అమ్ముకుంటే నాలుగు రూపాయలొస్తాయి, ధర లేనిది జన్మంతా మీ దగ్గరే ఉంటుంది. ప్లేటును ప్లేటుగానే ఉంచండి.

ఇంకో సంగతి. పాతవైనంత మాత్రాన అన్నీ చచ్చినట్టు కాదు. తయారీదారులు సాధారణంగా ఇరవై అయిదేళ్ళకు కూడా ఎనభై శాతం ఇస్తుందని హామీ రాస్తారు. మావి దాంట్లో సగం వయసు దాటాయి, అంతే. మొత్తంగా కరెంటు రాకపోవడానికి కారణం బ్యాటరీలూ ఇన్వర్టరూ, ప్లేట్లు కాదు. కాబట్టి దించే ముందు ఒక్కోదాన్నీ పరీక్ష చేయించాం. మా ఎలక్ట్రీషియన్ దగ్గరున్న క్లాంప్ మీటర్ ఏసీకి మాత్రమే పనికొచ్చేది, డీసీ చూపేది వేరే వాళ్ళ దగ్గర అడిగి తెచ్చాడు. ప్లేటు వెనక స్టిక్కరు మీద రెండు అంకెలుంటాయి. వైర్లు దేనికీ కలపకుండా చూస్తే రావలసిన వోల్టులు, రెండు కొసలూ కలిపేస్తే రావలసిన ఆంపియర్లు. కరెంటు పుట్టించే చిన్న పలకలు, అంటే సెల్స్, అరవై ఉండే మా ప్లేట్లకు అవి సుమారు ముప్పై ఏడు వోల్టులు, ఎనిమిది ఆంపియర్ల పైచిలుకు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ, సుద్దముక్కతో ప్లేటు మీదే రాసుకుంటూ పోయాం. ఎండలో వేడెక్కితే వోల్టులు రోంత తగ్గుతాయి, దానికి కంగారు పడక్కర్లేదు.

రెండు ప్లేట్లలో వోల్టులు సరిగ్గా మూడో వంతు తక్కువొచ్చాయి. పిల్లోడు మీటర్ చూసి నవ్వాడు. "ఇది ప్లేటు పోయింది కాదు మేడమ్, డయోడు పోయింది." వెనక నల్ల డబ్బాలో మూడు డయోడ్లుంటాయి, ఒక్కోటి ఇరవై సెల్స్‌ను చూసుకుంటుంది, ఒకటి కాలి షార్టయితే ఆ ఇరవై సెల్స్ లెక్కలోంచి పోతాయి. పాతకాలం డబ్బాలు కాబట్టి మూత తెరుచుకుంది. ఎలక్ట్రానిక్స్ అంగట్లో టీ నీళ్ళ ఖరీదుకు దొరికిన రెండు డయోడ్లతో ఆ రెండు ప్లేట్లూ లేచి కూర్చున్నాయి. ఇప్పుడొచ్చే ప్లేట్లలో చాలావాటికి ఆ డబ్బాలోకి జిగురు లాంటిది పోసి మూసేస్తున్నారు, తెరవడానికి వీల్లేదు. నాకైతే ఇది నచ్చలేదు. వాన నీళ్ళు పోకుండా అంటారు, బాగు చేసుకోకుండా కూడా.

చివరికి నిజంగా పోయినవి ఆరు తేలాయి. రెండింటికి గాజు పగిలింది, కోతులు ఒకదాన్ని, పిల్లల త్రోబాల్ ఒకదాన్ని. ఒకదాని వెనకపక్క అరచేయంత మేర కాలి నల్లబడింది. మూడింటిలో సెల్స్ మీది పొర గోధుమరంగుకు తిరిగి కరెంటు బాగా తగ్గింది.

దించడం గురించి రోంత వివరంగా చెప్తాను, ఎందుకంటే కూలీలకు దీని ప్రమాదం తెలీదు. ఫ్యాను, లైటు అయితే మెయిన్ ఆపితే చాలు. ప్లేటుకు మెయిన్ పైన ఉంది, ఆకాశంలో. వెలుతురున్నంతసేపూ అది కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది, గాజు పగిలినా సరే. మావి అయిదేసి ప్లేట్లు వరసగా కలిపి ఉన్నాయి, అంటే ఒక్కో వరసలో నూట ఎనభై వోల్టుల డీసీ. కరెంటు పారుతుండగా కనెక్టర్ లాగితే నిప్పు పుడుతుంది, డీసీ నిప్పు ఏసీ మాదిరిగా తనంతట తాను ఆరిపోదు. అందుకని ముందు కంట్రోలర్ దగ్గరి ఐసొలేటర్ అనే స్విచ్చి ఆపేసి, తెల్లారకముందే పని మొదలుపెట్టి, ఎండెక్కాక మిగిలిన వరసల మీద హాస్టల్ జంపఖానాలు కప్పాం. రబ్బరు గ్లౌజులు వేసుకోమంటే ఒక కూలీ ససేమిరా అన్నాడు. "కాలేజీ పిల్లల పని మాదిరి ఉంది మేడమ్." అతన్ని స్టాండ్లు విప్పే పనికి మార్చాను.

పగిలిన గాజు కింద పొరకు అతుక్కునే ఉంటుంది గానీ అంచుల నుంచి రవ్వలు రాలుతాయి. ముందు వైపంతా వెడల్పు ప్యాకింగ్ టేపు అడ్డంగా నిలువుగా అంటించి దించాం. కింద షెడ్డులో నిలువుగా, మధ్యన అట్టలు పెట్టి ఆనించాం. వానలో పడేయలేదు. సెల్స్‌ని కలిపే పట్టీల మీద టంకంలో సీసం ఉంటుంది; పగలని ప్లేటులో అది ఎక్కడికీ పోదు, పగిలినది ఏళ్ళ తరబడి తడుస్తూ పడుంటే కొంచెం కొంచెంగా బయటకొస్తుంది.

బాగున్న పద్నాలుగింటిని కొత్త ఆన్‌గ్రిడ్‌లో కలపమని అడిగాం. కొత్త కాంట్రాక్టర్ ఒప్పుకోలేదు. వరసలో ఒక్క నీరసం ప్లేటున్నా కరెంటు దాని లెక్క ప్రకారమే పారుతుంది, కొత్తవి కూడా దాంతోపాటు కుంటుతాయన్నాడు. అది నిజమే. మా దగ్గర చదివే ఒక పాప వాళ్ళ నాయనకు బోరు మీద సోలార్ పంపుసెట్టు ఉంది, గాలివానకు దాంట్లో నాలుగు ప్లేట్లు ఎగిరిపోయాయి. మావి ఆయన వాటికి దగ్గరగా సరిపోయాయి, నాలుగు తీసుకుపోయాడు. మిగతావి గొర్లదొడ్లలో లైట్లకూ ఫోన్లకూ కావాలని అటుపక్క పల్లెల కురుబ రైతులు పంచుకున్నారు. తలా ఒక కాయితం మీద సంతకం తీసుకున్నాను, నంబర్లతో సహా: పాడైతే పొలంలో పడేయకుండా హాస్టల్‌కు తెచ్చియ్యాలని. ఒక తాత అడిగాడు, "తెచ్చిస్తే కొత్తదిస్తావా తల్లీ?" ఇవ్వనన్నాను. ఆ కాయితం ఎన్నేళ్ళు పనిచేస్తుందో నాకు పెద్ద భ్రమ లేదు. వాడుకోగలిగినదాన్ని వాడుకోవడం మంచిదే, కానీ మా మిద్దె మీది తలనొప్పిలో సగం వాళ్ళ దొడ్లకు మారిందన్న మాట కూడా నిజమే.

ఇక బ్యాటరీలు. అసలు కథ ఇక్కడే ఉంది, ప్రమాదమూ ఇక్కడే ఉంది.

ట్యూబులర్ బ్యాటరీలు పది, ఒక్కోటి అరవై కిలోల దరిదాపు. బరువులో సగానికి పైగా సీసం, లోపల లీటర్ల కొద్దీ సల్ఫ్యూరిక్ ఆసిడ్. వీటికి గిరాకీ ఎంతంటే నేను ఎవరికీ చెప్పకముందే ముగ్గురు గేటు దగ్గరికొచ్చారు. అందరూ ఒకటే షరతు: ఆసిడ్ ఒంపేసి తూకం. "నీళ్ళకు డబ్బులియ్యం కదా మేడమ్. ఆ ఎనక యాపచెట్టు కింద ఒంపేస్తాం, పది నిమిషాల పని." ఆ వేపచెట్టు కింద మా పిల్లలు పరీక్షలప్పుడు కూర్చుని చదువుకుంటారు, దానికి ఇరవై అడుగుల్లో బోరు ఉంది. పాత బ్యాటరీలో ఉండేది ఒట్టి ఆసిడ్ కాదు, ఏళ్ళ తరబడి వాడిన సీసం బురద కూడా దాంట్లో కలిసి ఉంటుంది.

తర్వాత ఏం జరుగుతుందో కూడా అడిగాను. బ్యాటరీ డబ్బా పగలగొట్టి లోపలి సీసం పలకలు తీసి ఎక్కడో ఊరవతల బట్టీలో కరిగిస్తారట. ఆ పొగలో, బూడిదలో సీసం ఉంటుంది. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థ కలిసి ఒక నివేదిక ఇచ్చాయి. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో, అంటే దాదాపు ఎనభై కోట్ల మందిలో, సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉందని, దానికి పెద్ద కారణాల్లో ఒకటి ఇట్లా దొంగచాటుగా బ్యాటరీలు కరిగించడమేనని అందులో ఉంది. ఇంత సీసం వరకు ఫరవాలేదు అనదగ్గ హద్దేదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పిల్లల బుర్ర మీద పనిచేసే విషమిది. ఆడపిల్లల చదువు కోసం నడిపే హాస్టల్ ఇంకెవరి పిల్లల తలలో సీసం పోసి లెక్క సరిచేసుకోవడం నాకు నచ్చలేదు.

రూలు ప్రకారం దారి సులువే. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి చేర్చి రీసైకిల్ చేయించే బాధ్యత తయారుచేసిన, అమ్మిన కంపెనీలది. వాడేవాళ్ళ బాధ్యత చెత్తలో కలపకుండా సరైనవాళ్ళకు ఇవ్వడం. అంతకుముందు 2001 నుంచే సీసం బ్యాటరీలకు ఇట్లాంటి నిబంధన ఉంది. కాబట్టి డీలర్ దగ్గరికి పోతే పనైపోతుందనుకున్నాను. డీలర్, "కొత్తవి కొంటేనే పాతవి తీసుకుంటాం మేడమ్" అన్నాడు. మేం ఆన్‌గ్రిడ్‌కు మారుతున్నాం, మాకు కొత్త బ్యాటరీలేంటికి?

కావాల్సొచ్చాయి, అదీ ఆన్‌గ్రిడ్ పుణ్యాన్నే. చాలామందికి తెలియని సంగతి, ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ లైన్లో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు మన మిద్దె నుంచి షాక్ కొట్టకూడదని అట్లా చేస్తారు. నడిమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా సరే, కరెంటు పోతే హాస్టల్ అంతా పోయినట్టే. రాత్రి వరండా లైట్లకు, బాత్రూముల వైపు లైట్లకు ఒక చిన్న ఇన్వర్టర్, రెండు బ్యాటరీలు ఎట్లాగూ పెట్టుకోవాలి. ఆ రెండు కొంటాం, ఈ పది తీసుకోండి అని బేరం కుదిరింది. ఆసిడ్ ఒంపకుండా, మూతలు బిగించి, టెర్మినళ్ళకు టేపు చుట్టి, నిలువుగానే ఆటోట్రాలీలో పెట్టి పంపాం. గేటు దగ్గరికొచ్చినవాళ్ళు చెప్పిన ధరకంటే డీలర్ నాలుగో వంతు తక్కువిచ్చాడు. బిల్లు మాత్రం ఇచ్చాడు, బరువు రాసి, ఏ కంపెనీ సేకరణకు పోతాయో రాసి. ఆ నాలుగో వంతు తక్కువ ఎందుకు తీసుకున్నావని ట్రస్టు మీటింగులో ఒకాయన అడిగాడు. వేపచెట్టు ఖరీదు అన్నాను. ఇంక ఆయన మాట్లాడలేదు.

ఈలోగా ప్లేట్లకూ ఒక గిరాకీ వచ్చింది. ఎవరో యువకుడు, మర్యాదగానే ఉన్నాడు. పగిలిన ప్లేట్లు ఇస్తే ఒక్కోదానికి రెండొందలిస్తానన్నాడు. ఏం చేస్తావంటే ఫోన్లో వీడియో చూపించాడు: ప్లేటును కాల్చి, మిగిలినదాన్ని ఆసిడ్‌లో వేసి వెండి తీయడం. వెండి ఉన్నమాట అబద్ధం కాదు. సెల్స్ మీద సన్నగా వెంట్రుకల మాదిరి కనిపించే గీతలు వెండివే. కానీ కిలోకు గ్రాము కూడా లేని వెండి అది. తీయాలంటే ముందు ఆ ప్లాస్టిక్ పొరల్ని కాల్చాలి. వెనక ఉండే తెల్ల పొరలో చాలా ప్లేట్లకు ఫ్లోరిన్ కలిసిన ప్లాస్టిక్ ఉంటుంది, దాన్ని ఆరుబయట కాలిస్తే వచ్చే పొగ ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. తర్వాత నైట్రిక్ ఆసిడ్. పెద్ద ఫ్యాక్టరీలు పొగను పట్టే యంత్రాలు పెట్టుకుని చేసే పనిది. ఇంటి వెనక కుంపటి పెట్టుకుని చేస్తే ప్రొద్దుటూరు కంసాలికైనా ఖర్చులు రావు. ఆ పిల్లోడికి ఇదంతా చెప్పాను. విన్నాడు. "మీరియ్యకపోతే ఇంకొకరిస్తారు మేడమ్" అని పోయాడు. ఇచ్చే ఉంటారు.

రీసైక్లింగ్ కంపెనీని పట్టుకోవడం ఇంకో ప్రహసనం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర రిజిస్టరైన కంపెనీల జాబితా ఇంటర్నెట్‌లో ఉంటుంది. పేరున్నంత మాత్రాన సరిపోదు. చాలామందికి కంప్యూటర్లు, ఫోన్లు తీసుకునే అనుమతే ఉంటుంది, సోలార్ ప్లేట్లు వేరే పద్దు. జాబితాలో ఆ పద్దుకు సంకేతం సీఈఈడబ్ల్యూ 14 అని ఉంటుంది. ఫోను చేస్తే "తీసుకుంటాం" అని చెప్పేవాళ్ళను అనుమతి కాయితం పంపమంటే కొందరు మళ్ళీ ఫోనెత్తలేదు. అనంతపురానికి హైదరాబాదు కంటే బెంగళూరు దగ్గర కాబట్టి అటే చూశాను. అన్నీ సరిగ్గా ఉన్న కంపెనీ ఒకటి తగిలింది. ఆయన, "ఎంత సరుకు?" అన్నాడు. ఆరు ప్లేట్లు, ఇన్వర్టరు, కంట్రోలర్ అన్నాను. లైన్లో రోంతసేపు నిశ్శబ్దం. లారీ లోడు ఉంటేనే బండి పంపుతారట. ఆరు ప్లేట్లంటే నూట పదిహేను కిలోలు. మేమే పంపితే బాడుగ సరుకు విలువకు ఎన్నో రెట్లు.

మరి చట్టం? 2022 నవంబరులో నోటిఫై అయి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల్లో సోలార్ ప్లేట్లకు విడిగా ఒక అధ్యాయమే ఉంది. తయారీదారులు రిజిస్టర్ చేసుకోవాలి, 2034-35 వరకు పోగయ్యే పాత ప్లేట్లను మండలి చెప్పిన పద్ధతిలో నిల్వ చేయాలి, ఏటా లెక్క చెప్పాలి. చదివి సంతోషించాను. మా ప్లేట్లు చేసిన కంపెనీ మూతబడి చాలాకాలమైంది. బిగించిన సంస్థ బోర్డు కూడా లేదు. ఇప్పుడు కొనేవాళ్ళకు ఆ అధ్యాయం పనికొస్తుందేమో గానీ 2010, 2012ల్లో సబ్సిడీలు చూసి పుట్టి పోయిన కంపెనీల సరుకుకు నాథుడెవరో దాంట్లో నాకు కనబడలేదు.

దారి చూపింది కొత్త కాంట్రాక్టరే. అతని గోడౌన్లో రవాణాలో పగిలినవి, సైట్లలో కాలినవి నలభైకి పైగా ప్లేట్లు మూలుగుతున్నాయి. అతని లారీ బెంగళూరు నుంచి కొత్త సరుకు తెచ్చేటప్పుడు నిండుగా వస్తుంది, పోయేటప్పుడు ఖాళీగా పోతుంది. ఆ ఖాళీ బండిలో అతనివీ, మావీ, ఊళ్ళో ఒక ఆస్పత్రి వాళ్ళవీ, ఒక పెట్రోలు బంకు వాళ్ళవీ కలిసి పోయాయి. బాడుగ పంచుకుంటే మా వాటాకు వచ్చింది పిల్లల ఒకపూట కూరగాయల ఖర్చు. కంపెనీ మాకు రూపాయి ఇవ్వలేదు, అడగనూ లేదు. ప్లేట్ల నంబర్లు, బరువు, అందుకున్న తేదీ వేసి సర్టిఫికెట్ పంపింది. ఆడిటర్ దాన్ని రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టుకున్నాడు.

ఒక ఊళ్ళో ఒక లారీకే ఇంత ప్రయాస పడాల్సి వస్తే, మన చుట్టూ ఉన్నవాటి మాటేంటి? పోయినేడు పిల్లల్ని ఓర్వకల్లు రాతివనాలు చూపించడానికి తీసుకుపోయినప్పుడు గని, శకునాల ఊళ్ళ వైపు సోలార్ పార్కు ఎంత పెద్దదో డ్రైవర్ చెప్తుంటే విన్నాను. 2017లో మొదలైంది, వెయ్యి మెగావాట్లు. ఒక్కో ప్లేటు మూడొందల చిల్లర వాట్లనుకుంటే ముప్పై లక్షల ప్లేట్లకు తక్కువుండవు. ప్లేటుకు ఇరవై కిలోలేసుకున్నా అరవై వేల టన్నులు. ఇది కాక మా ఎన్పీ కుంట, కడప వైపు మైలవరం సోలార్ పార్కులున్నాయి. దేశంలో 2023 మార్చి నాటికి ఉన్న 66.7 గిగావాట్ల సోలార్ నుంచే 2030కల్లా 3 లక్షల 40 వేల టన్నుల వ్యర్థం తేలుతుందని, అందులో మూడింట రెండు వంతులు అయిదు రాష్ట్రాల్లోనేనని 2024లో సీఈఈడబ్ల్యూ అనే అధ్యయన సంస్థ (జాబితాలోని పద్దు సంకేతంతో దీనికి సంబంధం లేదు) లెక్కగట్టింది. ఆ అయిదింట్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. లోడు లోడుకీ బెంగళూరు పంపుకుంటూ కూర్చోవడం కంటే కర్నూలులోనో అనంతపురంలోనో ఒక ఫ్యాక్టరీ రావడం న్యాయం. ప్లేట్లు ఇక్కడ, ఉద్యోగాలు ఇంకెక్కడో ఎందుకు?

గాలిమరల సంగతి నా అనుభవంలోది కాదు. రామగిరి నుంచి వచ్చి మా దగ్గర ఉండే పిల్ల, "మా కొండల మీద మా నాయన చిన్నప్పటి నుంచీ ఉన్నాయి మేడమ్" అంటుంది. అక్కడ 1990లలోనే పెట్టారు. స్తంభం ఉక్కు, లోపలి రాగి ఎవరైనా కొంటారు. రెక్కలే చిక్కు: గాజునారలో రెసిన్ పోసి గట్టిపరచినవి, మళ్ళీ కరగవు. జర్మనీలో వాటిని ముక్కలు చేసి సిమెంటు బట్టీల్లో బొగ్గుకూ ఇసుకకూ బదులు వాడుతున్నారు. తాడిపత్రి, ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల చుట్టూ మనకు సిమెంటు బట్టీలకైతే కరువు లేదు.

నీళ్ళు కాచే హీటర్లు మాత్రం ఇంకా తెగలేదు. మా బోరు నీళ్ళ ఉప్పుకు ట్యాంకుల్లో, గొట్టాల్లో సున్నం పేరుకుపోయింది. ట్యాంకుల్లో స్టీలు ఉంది, గుజిరీ భాయ్ తూకమేసి బిల్లు రాసిచ్చాడు. స్టాండ్ల ఇనుము కూడా ఆయనకే. అరవై గాజు గొట్టాలు మిగిలాయి. అవి రెండు పొరల గాజు, మధ్యలో గాలి లేకుండా తీసేసి ఉంటుంది. మంచిదో కాదో తెలుసుకోవడం సులువు: కింద కొసన వెండి అద్దంలా మెరిసే మచ్చ ఉంటుంది, లోపలికి గాలి దూరితే అది తెల్లగా పాలిపోతుంది. మెరుస్తున్న గొట్టాలు ముప్పై దాకా ప్లంబర్ తీసుకుపోయాడు, అదే కొలత గొట్టాలుండే హీటర్లకు విడిభాగాలుగా పనికొస్తాయి. పాలిపోయినవి సీసాల గాజు కొనేవాళ్ళకు చూపిస్తే తలూపారు. ఇది బోరోసిలికేట్, మామూలు గాజు కరిగే వేడికి కరగదు, కలిస్తే వాళ్ళ బట్టీ సరుకు చెడుతుంది. అవి గోనెసంచుల్లో చుట్టి మెట్ల కింద ఉన్నాయి. వీధి దీపాల్లోని సీఎఫ్ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది, పగలకుండా అట్టపెట్టెలో పెట్టి మునిసిపాలిటీ బండి ఎర్రడబ్బాలోకి ఇచ్చాం.

కొత్త ఆన్‌గ్రిడ్ వర్క్ ఆర్డర్ రాసేటప్పుడు ఒక షరతు చేర్చమన్నాను. ప్లేటు పాడైనా, కాలం తీరినా తీసుకుపోయి రిజిస్టరైన కంపెనీకి ఇచ్చి సర్టిఫికెట్ తెచ్చే బాధ్యత బిగించినవాళ్ళదేనని. కాంట్రాక్టర్ తల గోక్కున్నాడు. "మేడమ్, అప్పటికి నేనుంటానో లేదో." నువ్వు లేకపోతే తయారీ కంపెనీ ఉండాలి కదా అని, వాళ్ళ లెటర్‌హెడ్ మీద వాళ్ళ రిజిస్ట్రేషన్ నంబరు తెప్పించమన్నాను. బేరం మూడు వారాలు ఆగింది గానీ తెచ్చాడు. ఇప్పుడు మిద్దె మీద పద్దెనిమిది ప్లేట్లున్నాయి, స్లాబుకు బోల్టులు కొట్టకుండా సిమెంటు దిమ్మల మీద. వెనక స్టిక్కర్లన్నీ ఫొటోలు తీసి, నంబర్లు రిజిస్టర్లోకి ఎక్కించి, కంపెనీ లెటర్ దాని పక్కనే అంటించాను. తాళం కొత్త వార్డెన్‌కు అప్పజెప్పేటప్పుడు చూపించాల్సిన కాయితాల్లో అదీ ఒకటి.